వాచకాలు పంపే ముందు ఒక్క మాట

ఒడిశా సరిహద్దు బడులకు తెలుగు వాచకాలు పంపుదామన్న మాట మన సంఘంలో మళ్ళీ వచ్చింది. పంపండి, కాదనను. కానీ పర్లాకిమిడి, గుణుపురం వైపు మన పిల్లలకు తెలుగు ఇంటి భాష, బడిలో ఒడియా, ట్యూషన్‌లో ఇంగ్లీషు. తెలుగు చదవాల్సిన అవసరమే వాళ్ళకు ఎక్కడా తగలదు. వారానికి రెండు పీరియడ్లు సంధులు చెబితే మూడో వారానికి క్లాసు ఖాళీ.

దానికి బదులు హైస్కూల్లో ఒక్క జాగ్రఫీ పాఠం తెలుగులో చెప్పించండి. కెనడాలోని సెయింట్ లాంబర్ట్‌లో 1965లోనే ఇంగ్లీషు పిల్లలకు చదువంతా ఫ్రెంచిలో మొదలుపెట్టారు. సైన్సు, చరిత్ర పాఠాలతోనే పరాయి భాష నేర్పే పద్ధతికి యూరప్‌లో 1990లలో క్లిల్ అని పేరు పెట్టారు. అందులో మేస్టారు రెండూ చూసుకోవాలి: విషయం అర్థమైందా, అది చెప్పడానికి మాటలొచ్చాయా. మన ఇంగ్లీష్ మీడియం కూడా అదేగా అనకండి. రెండోది ఇక్కడ పట్టించుకునేవాళ్ళు తక్కువ, నోట్సు బట్టీ పట్టించి పరీక్ష దాటిస్తారు.

వంశధారనే తీసుకోండి. ఒడిశాలో పుట్టి, శ్రీకాకుళం జిల్లాలోకి దిగి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. నేరడి బ్యారేజీ మీద రెండు రాష్ట్రాలకూ తగువు, 2017లో ట్రిబ్యునల్ తీర్పు. బోర్డు మీద నది గీసి, పక్కన ఎగువ, దిగువ, ముంపు, కాలువ, వాటా అని రాయాలి. కింద సగం వాక్యాలు: ‘ఎగువన నీళ్ళు ఆపితే దిగువన...’, ‘ముంపు రాకూడదంటే...’. పిల్లలు వాటిని ముందు నోటితో, తర్వాత రాతతో పూర్తి చెయ్యాలి. గుణుపురం కుర్రాడు ముంపు సంగతి ఎత్తుతాడు. దిగువన హిరమండలంలో మేనమామ ఉన్న పిల్ల మా నీళ్ళ మాటేమిటంటుంది. అలా వాదించుకుంటూ రాసినప్పుడు ఒత్తు తప్పిందని దిద్దితే బుర్రకెక్కుతుంది.

పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే అక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు గిడుగు రామమూర్తిగారు. ఆ ఊరికి ఇది మరీ వింత కాకూడదు.

సిలబస్ మొత్తం తెలుగులోకి తిప్పమనడం లేదు. ఒడియా మీడియం పిల్లలు రేపు పరీక్ష ఒడియాలోనే రాయాలి, ఆ టెన్షన్ తల్లిదండ్రులకు ఉంటుంది. అందుకే ఏడు, ఎనిమిది తరగతులు చాలు, అదీ ఒడియాలో ఆ పాఠం అయిపోయాకే.

అచ్చుకు దాచిన డబ్బులో సగం రెండు భాషలూ వచ్చిన మేస్టర్లకు కేటాయించండి. వెతకడం కష్టమేమీ కాదు, రిటైరైనవాళ్ళు సగంమంది పొద్దున్నే టీ కొట్టు దగ్గరే దొరుకుతారు.