కోల్డ్ ఎయిర్ ఇంటేక్ గారికి ఓ బావమరిది ఉత్తరం

ఫ్రిస్కో, టెక్సాస్.

మహారాజశ్రీ కోల్డ్ ఎయిర్ ఇంటేక్ గారి సముఖమునకు, తమరు కొలువున్న ట్రక్కు యజమానికి స్వయానా బావమరిది నమస్కరించి వ్రాయునది ఏమనగా...

ఇక్కడ అందరం క్షేమం. బానెట్ కింద తమరు కూడా క్షేమమని తలుస్తాను. అంత వేడిలో ఎంతవరకు క్షేమమో తమరికే తెలియాలి.

ఇంజన్‌కి చల్లటి గాలి అందించి దాని బలం పెంచుతామని చెప్పుకునే తమరి కోసం మా బావ 400 డాలర్ల దాకా పెట్టాడు. పెట్టె విప్పితే నున్నటి నల్ల గొట్టం, నూనె పట్టించిన ఎర్రటి ఫిల్టరు, ఇంజన్ సెగ తగలకుండా ఒక రేకు, వాటితోపాటు స్టిక్కర్లు. గొట్టం ఇంకా బిగించకముందే బావ వెనక అద్దానికి స్టిక్కరు అంటించేశాడు. సగం హార్స్‌పవర్ అక్కడే వచ్చేసిందని నా అనుమానం.

బిగించే పని గంటలో అయిపోతుందని తమరి కాగితంలో రాసి ఉంది. ఆ గంట ఏ దేశపు గంటో తెలియదు. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి, పాత ఎయిర్ ఫిల్టరు డబ్బా మూత క్లిప్పులు తీయాలి, బ్రీదర్ గొట్టం విరగకుండా లాగాలి, గాలిని కొలిచే మాఫ్ సెన్సార్‌ని రెండు స్క్రూలు తీసి పాత గొట్టంలోంచి తమరిలోకి మార్చాలి. ఆ పైన రబ్బరు జాయింట్లకు క్లాంపులు. ఒక క్లాంప్ బిగిస్తే ఇంకోటి జారుతుంది. టార్చి పట్టుకోవడం నా డ్యూటీ. "కొంచెం ఇటు కొట్టరా, కొంచెం అటు" అంటూ మధ్యాహ్నం చేశాడు బావ. లోపల అక్క పప్పుచారు వేడి చేసి, పిలిచి పిలిచి, చివరికి తను తినేసింది.

తమరు దిగడానికి ముందు ఆ చోట్లో ఉన్న కంపెనీ డబ్బా గురించి రెండు ముక్కలు చెప్పాలి. మొహమాటపడకుండా వినండి. నల్ల ప్లాస్టిక్, ముఖంలో కళ లేదు, దాని పేరుతో స్టిక్కర్లూ లేవు. కానీ అది గాలిని తీసుకునేది ఇంజన్ పక్క నుంచి కాదు, ముందు గ్రిల్ వైపు నుంచి, అంటే బయటి గాలే. చుట్టూ మూసి ఉంటుంది కాబట్టి సెగ లోపలికి రాదు. సూటిగా చెప్పాలంటే అదీ కోల్డ్ ఎయిర్ ఇంటేకే. కాకపోతే ఆ మాట ఒంటిమీద రాసుకోలేదు.

చల్లటి గాలికి బలం ఉందన్న మాట అబద్ధం కాదు. గాలి ఓ మూడు డిగ్రీల సెల్సియస్ చల్లబడితే సాంద్రత దాదాపు ఒక శాతం పెరుగుతుంది, ఆ మేరకు ఎక్కువ ఇంధనం మండించవచ్చు. బావది 2016 ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కు, ఎనిమిది సిలిండర్ల 5.0 లీటర్ల వీ8 ఇంజన్. నిమిషానికి 5,750 చుట్ల దగ్గర 385 హార్స్‌పవర్ ఇస్తుంది. చలువ ఒక్కదాంతోనే అందులో ఇంకో పది కలపాలంటే, కంపెనీ డబ్బా పీల్చే గాలికన్నా ఎనిమిది డిగ్రీలు చల్లటి గాలి తమరు తేవాలి. జూలైలో బయట 40 డిగ్రీలు మండుతుంటే ఎక్కణ్ణుంచి తెస్తారు? పైగా తమరి ఫిల్టరు కూర్చున్నది బానెట్ కిందే. ఆ రేకుకి పైన మూత లేదు, బానెట్ రబ్బరుకి సరిగ్గా ఆనదు. సిగ్నల్ దగ్గర బండి ఆగితే రేడియేటర్ ఫ్యాన్ తోసే వేడంతా తమరి నోట్లోకే పోతుంది. పేరులో చలువ, ఊపిరిలో వడగాలి.

గొట్టం వెడల్పు సంగతి అంటారా? యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఇంజన్ ఐదారు వేల చుట్లు తిరిగేటప్పుడు దాని లాభం కొంత ఉంటుంది, కాదనను. తమరి కంపెనీవాళ్లు డైనో (బండి బలం కొలిచే యంత్రం) మీద చూపించే గ్రాఫులో రెండు గీతలు విడిపోయేదీ ఆ చివరే. (అక్కడ బానెట్ ఎత్తి, ముందు పెద్ద ఫ్యాన్ పెట్టి నడుపుతుంటారు. అంత గాలి పెడితే నేనూ కాస్త వేగంగా నడుస్తాను.) మరి మా బావ? ఫ్రిస్కో నుంచి ప్లేనోలో ఆఫీసుకి డాలస్ నార్త్ టోల్‌వే మీద పోతాడు. ముల్లు రెండు వేలు దాటితే గొప్ప. ఆ వేగంలో గాలికి అడ్డం నిలబడేది ఇంజన్ ముందు సగం మూసి ఉన్న థ్రాటిల్ పలకే (కాలు నొక్కితే తెరుచుకునేది). పడకగది తలుపు ఓరగా మూసి ఉంచి, వీధి గుమ్మం వెడల్పు చేయించినట్టుంది వ్యవహారం. బరువు సామాన్లు ఏమైనా మోస్తాడా అంటే, కాస్ట్‌కో నుంచి బియ్యం బస్తా.

మైలేజీ కూడా పెరుగుతుందని అక్కకి చెప్పి ఒప్పించాడు. అమెరికా ప్రభుత్వ ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో తేల్చిందేమంటే, కంప్యూటర్ నడిపే ఇంజన్లలో ఫిల్టరు బాగా మురికిపట్టి మూసుకుపోయినా మైలేజీ తగ్గదు, పికప్ మాత్రమే తగ్గుతుంది. ఎందుకంటే లోపలికి వచ్చిన గాలికి సరిపడా పెట్రోలే కంప్యూటర్ పోస్తుంది. మూసుకుపోతేనే తగ్గని మైలేజీ, తెరిస్తే ఎలా పెరుగుతుందండీ? ఈ ప్రశ్న భోజనాల దగ్గర వేశాను. బావ పెరుగు గిన్నె జరిపి "నీకు బళ్ల గురించి తెలీదురా" అన్నాడు.

ఇక అసలు సంగతి. కంపెనీ గొట్టానికి పక్కన ఓ ఖాళీ డొల్ల అతికించి ఉంటుంది. రెజొనేటర్ అంటారు. ఇంజన్ గాలి పీల్చే మోతను అణచడానికి ఇంజనీర్లు లెక్కలు కట్టి పెట్టింది. తమరు చేసే ఘనకార్యం ఏమిటయ్యా అంటే, దాన్ని తీసేయడం. అంతే. దాంతో కాలు నొక్కగానే ముందు నుంచి ఓ గర్జన వస్తుంది, ఆ గర్జన చెవిలో పడగానే నడుముకి బలం వచ్చినట్టనిపిస్తుంది. మొదటిరోజు బావ వీధి చివరిదాకా పోయి వచ్చి, "విన్నావా?" అన్నాడు. "చూశావా" అనలేదు, గమనించండి. పక్క సీట్లోంచి దిగుతూ అక్క, "బండికి ఆయాసం పట్టుకుందేమిటండీ?" అని అడిగింది.

ఈ జబ్బు బావకి అమెరికాలో అంటుకున్నది కాదు. కాకినాడలో చదివే రోజుల్లోనే బుల్లెట్‌కి సైలెన్సర్ మార్పించి, మెయిన్ రోడ్డులో జనం తిరిగి చూస్తే మురిసిపోయినవాడు. మన ఊళ్లలో అలాంటి సైలెన్సర్లను పోలీసులు ఊడబీకి రోడ్డు రోలర్ కింద తొక్కిస్తుంటారు. ఇక్కడ తమరికి ఉచిత డెలివరీ. నా అభ్యంతరం మోత మీద కూడా కాదండీ. ఆనందానికి డబ్బు పెట్టడం తప్పేమీ కాదు. పెట్టె మీద "దీన్ని బిగిస్తే బండి గట్టిగా అరుస్తుంది, 400 డాలర్లు" అని రాయండి, నేనే ముందు కొంటాను. ఆ ఒక్క ముక్క రాయడానికి సిగ్గుపడి, థర్మోడైనమిక్స్‌ని సాక్ష్యానికి ఎందుకు లాగుతారు?

తమరి ఫిల్టరు నూనె గురించి కూడా మాట్లాడాలి. ఉతికి ఆరేసి మళ్లీ నూనె పట్టించుకోవచ్చని, జన్మంతా కొత్తది కొనక్కర్లేదని గొప్పగా రాశారు. బావ ప్రేమకొద్దీ కాస్త ఎక్కువే పట్టించాడు. ఆ నూనె గాలితోపాటు పోయి మాఫ్ సెన్సార్ తీగకి అంటుకుంది. వెంట్రుకంత తీగ, దానికి నూనె పూత. వచ్చిన గాలిని అది తక్కువ చేసి చెబుతుంది, కంప్యూటర్ పెట్రోలు తగ్గిస్తుంది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం, స్కానర్‌లో గాలికి తగ్గ పెట్రోలు అందడం లేదనే కోడ్ పీ0171, దాని తోడబుట్టిన పీ0174. ఇప్పుడు ఆ తీగ కడగడానికి ఒక స్ప్రే డబ్బా, ఫిల్టరు ఉతకడానికి ఒక సీసా, మళ్లీ పట్టించడానికి ఇంకో సీసా. జన్మంతా కొనక్కర్లేదన్న మాట బాగానే నిలబెట్టుకున్నారు.

ఇంకా నయం, మేం కాలిఫోర్నియాలో లేము. అక్కడైతే తమరి మీద ఎయిర్ రిసోర్సెస్ బోర్డు అనుమతి చెప్పే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు లేకపోతే స్మాగ్ చెక్‌లో (పొగ తనిఖీలో) బానెట్ ఎత్తగానే పట్టేస్తారు. హ్యూస్టన్ వరద నీళ్లలోనూ లేము. తమరి జాతిలో కొందరు ఫిల్టరును బంపర్ వెనక కిందికి వేలాడదీస్తారట. అది నీళ్లు తాగితే సిలిండర్‌లో నీరు కుదించుకుపోదు, రాడ్లే వంగుతాయి. వారంటీ విషయంలో మాత్రం తమరి తరఫునే మాట్లాడతాను. తమరు కనిపించారని మాత్రమే వారంటీ రద్దు చేయడానికి 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం ఒప్పుకోదు. పాడైంది తమరి వల్లేనని వాళ్లు చూపించాలి. బావ బండికి ఆ వారంటీ ఎప్పుడో అయిపోయింది, అది వేరే సంగతి.

ప్రస్తుతానికి ఒక్క విన్నపం. టెక్సాస్‌లో సొంత బళ్లకు సేఫ్టీ తనిఖీ 2025 నుంచి ఎత్తేశారు గానీ, మా కాలిన్ కౌంటీలో ఎమిషన్ టెస్ట్, అంటే పొగ పరీక్ష, ఉంది. బావది వచ్చే నెల. పసుపు దీపం వెలిగి ఉంటే ఫెయిల్. కోడ్ చెరిపేసి వెంటనే తీసుకెళ్తే, బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే లోపలి పరీక్షలు పూర్తవలేదని వెనక్కి పంపుతారు. కాబట్టి తమరు దయచేసి ఆ నెల రోజులు నూనె చిలకరించకుండా బుద్ధిగా ఉండగలరు.

ఇట్లు,
తమరికి టార్చి పట్టిన,
బావమరిది.

తా.క.: తమరి తోబుట్టువు ఎగ్జాస్ట్ గారు బావ ఫోన్‌లో కార్ట్‌దాకా వచ్చి కూర్చున్నారు. ధర 900 డాలర్లు. ఈసారి అక్కకి ఏమని చెప్పాలో నన్ను ఆలోచించమన్నాడు.