హెచ్2ఏ.జెడ్ గారూ, తమరు ఏ పక్షం?

మహారాజశ్రీ హెచ్2ఏ.జెడ్ హిస్టోన్ గారి సముఖమునకు,

క్రోమాటిన్‌తో, అంటే డీఎన్‌ఏ, అది చుట్టుకునే హిస్టోన్ ప్రొటీన్లు కలిసిన పోగుతో, కుస్తీ పట్టేవాళ్లందరి తరఫున ఒకే ఒక్క ప్రశ్న. తమరు జన్యువును నడిపించే పక్షమా, ఆపే పక్షమా? ఈస్ట్‌లో అడిగితే ఒక మాట చెబుతారు, ఎలుకలో అడిగితే ఇంకో మాట. మొక్కలో అడిగితే వాతావరణాన్ని బట్టి ఉంటుందంటారు.

తమరి వంశం సంగతి మాకు తెలియనిది కాదు. ఎనిమిది హిస్టోన్ల ముద్ద చుట్టూ సుమారు 147 బేస్ జతల డీఎన్‌ఏ రెండు చుట్లకు కాస్త తక్కువగా చుట్టుకుంటే న్యూక్లియోజోమ్. అందులో కూర్చునే మామూలు హెచ్2ఏ (తమరు ఆయనకు మారురూపం) క్రమశిక్షణ గల మనిషి. డీఎన్‌ఏకు నకలు తయారయ్యే ఎస్ దశలో గుంపుగా తయారై వస్తాడు. ఆయన ఎంఆర్‌ఎన్‌ఏకు, అంటే ప్రొటీన్ తయారీ సందేశానికి, మామూలుగా చివర ఉండే పాలీ-ఏ తోక కూడా ఉండదు. తమరికి ఆ వేళాపాళా ఏదీ లేదు, ఎస్ దశ దాటాక కూడా తయారవుతూనే ఉంటారు. ఆయనతో తమరి పోలిక 60 శాతం దగ్గరే ఆగిపోతుంది. కోట్ల ఏళ్ల కిందట విడిపోయిన జాతుల్లోని జ్ఞాతులే తమరిని అంతకంటే ఎక్కువ పోలి ఉంటారు. ఈస్ట్‌లో హెచ్‌టీజెడ్1, పండ్ల ఈగలో హెచ్2ఏవీ అని మారుపేర్లు వేరే. ఈగలోనైతే మరీ చోద్యం: డీఎన్‌ఏ తెగిన చోటు చూపించే హెచ్2ఏ.ఎక్స్ ఉద్యోగం కూడా తమరి ఖాతాలోనే ఉంది. జీతాలు రెండూ తీసుకుంటున్నారా?

ఇక ఉద్యోగంలో చేరే తీరు. ఈస్ట్‌లో ఎస్‌డబ్ల్యూఆర్1, క్షీరదాల్లో ఎస్ఆర్‌క్యాప్, పీ400 ప్రొటీన్ సముదాయాలు తమరి సిఫారసుదారులు. కణం ఇంధనమైన ఏటీపీ ఖర్చు పెట్టి, కుదురుగా ఉన్న న్యూక్లియోజోమ్‌లోంచి హెచ్2ఏ-హెచ్2బీ జతను పీకి, ఆ చోటులో తమరిని హెచ్2బీతో సహా కూర్చోబెడతాయి. అదీ ఒక్కో జతగా. దాంతో ఒక వైపు పాతాయన, ఇంకో వైపు తమరు ఉండే సగం సగం న్యూక్లియోజోములు పుడతాయి. 2000లో తమరి స్ఫటిక నిర్మాణం చూసినప్పుడు, ఎల్1 లూపులనే మెలికలు ఒకదానికొకటి తగులుతాయి కాబట్టి మీ ఇద్దరికీ ఒక చోట పొసగదన్నారు. తర్వాత కణంలో వెతికితే నిక్షేపంగా కలిసే ఉన్నారు.

నివాసం దగ్గరే అసలు తగాదా. తమరికి ఇష్టమైన చోటు జన్యువు మొదట్లో ఉండే ప్లస్ 1 న్యూక్లియోజోమ్. ఈస్ట్‌లో జన్యువు పని మొదలుపెట్టేదాకా అక్కడ కాపలా కాసి, మొదలెట్టగానే చాలావరకు జారుకుంటారు. మనిషి కణాల్లో ముమ్మరంగా పనిచేసే ప్రమోటర్ల (జన్యువును మొదలెట్టే చోట్ల) దగ్గర తమరే, దూరం నుంచి జన్యువును ఉసిగొల్పే ఎన్‌హాన్సర్ల దగ్గరా తమరే. పిండ మూలకణాల్లో పాలీకూంబ్ ప్రొటీన్లు అణిచిపెట్టిన జన్యువుల మీదా తమరే. అరాబిడాప్సిస్ మొక్కను 27 డిగ్రీల వేడికి మారిస్తే తమరు తప్పుకుంటారు, వేడికి స్పందించే జన్యువులు లేస్తాయి. సరే, అణిచే పక్షమే అని రాసుకుంటాం. అదే మొక్కలో పూతను వెనక్కి పట్టే ఎఫ్ఎల్‌సీ జన్యువు తమరు లేకపోతే నీరసిస్తుంది, మొక్క తొందరపడి పూసేస్తుంది. గోడ మీద పిల్లి నయం, దానికి రెండే పక్కలు.

తమరి తరఫు వాదన మాకు తెలుసు: ‘నన్ను కాదు, నా సావాసాన్ని చూడండి.’ నిజమే. తమరి ముందు తోక మీద ఎసిటైల్ అనే రసాయన గుర్తు ఉంటే నడిచే జన్యువు, వెనక తోక మీద యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్ ఉంటే మూగ జన్యువు అయ్యే అవకాశమే ఎక్కువ. పక్కన హెచ్3.3 (హెచ్3 హిస్టోన్ మారురూపం) చేరిందంటే ఆ న్యూక్లియోజోమ్ అతి పెళుసు. ఉప్పు ఎక్కువున్న బఫర్‌లో కడిగితే ఊడిపోతుంది. నడిచే ప్రమోటర్లలో న్యూక్లియోజోమే లేదని మావాళ్లు బొమ్మల్లో ఖాళీ వదిలిన చోట్లు కొన్ని అలా కడిగి పారబోసినవే. ఉప్పు తగ్గించి చూస్తే అక్కడ తమరూ హెచ్3.3 కలిసి కనిపించారు.

మావాళ్ల సంగతీ చెప్పకపోతే పక్షపాతం అవుతుంది. తమరిని డీఎన్‌ఏకు అతికించి, దాన్ని ముక్కలు చేసి, యాంటీబాడీతో ఏరి తమరి చిరునామా రాసుకుంటారు. అతికించడానికి 1 శాతం ఫార్మాల్డిహైడ్‌లో 10 నిమిషాలు, తర్వాత దాన్ని ఆపడానికి 125 మిల్లీమోలార్ గ్లైసిన్: ఇంతవరకు అందరూ బుద్ధిగా చేస్తారు. ఇంకాసేపు ఉంచితే పట్టు గట్టిపడుతుందని అరగంట నానబెడితే, యాంటీబాడీ గుర్తుపట్టాల్సిన ముక్కే మూసుకుపోతుంది. డీఎన్‌ఏను ముక్కలు చేసే ఎంనేజ్ ఎంజైమ్ ఎక్కువైతే ముందు మాయమయ్యేది తమరి పెళుసు న్యూక్లియోజోములే. జెల్ మీద ఒంటి న్యూక్లియోజోమ్ పట్టీతో పాటు జంట న్యూక్లియోజోమ్ పట్టీ కూడా కొంత మిగిలేలా మోతాదు మార్చి మార్చి చూసుకోవాలి. హెచ్3తో పోల్చకుండా ‘హెచ్2ఏ.జెడ్ తగ్గింది’ అని రాసేవాళ్లున్నారు. పోయింది తమరొక్కరేనా, న్యూక్లియోజోమ్ మొత్తమా అని చూడరు. పైగా గ్రాఫులో తమరున్న చోట లేచే ఆ శిఖరం లక్షల కణాల సగటు. సగం కణాల్లో జన్యువు నడుస్తూ, సగంలో మూగబోయి ఉన్నా కాగితం మీద ఒకే కొండ కనిపిస్తుంది.

తమరిని తీసేసి చూద్దామా అంటే ఈస్ట్ ఎలాగో బతుకుతుంది, ఎలుక పిండం మొదట్లోనే చచ్చిపోతుంది. తమరి ఎంఆర్‌ఎన్‌ఏను నాశనం చేయించే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏతో తగ్గిస్తే ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా కణం విభజన కూడా దాటేసి ఉంటుంది, ఏది తమరి పనో ఏది దాని తర్వాతి గొడవో తేలదు. ఆక్సిన్ డెగ్రాన్ (ఆక్సిన్ వేస్తే ప్రొటీన్‌ను కరిగింపజేసే తోక) తగిలించి గంటల్లో కరిగించడమే కాస్త న్యాయమైన విచారణ. అప్పుడైనా రెండు జన్యువులనూ పట్టుకోవాలి. జెడ్.1, జెడ్.2 అని తమరు ఇద్దరు. తేడా మూడే అమైనో ఆమ్లాలు, చాలా యాంటీబాడీలకు ఇద్దరూ ఒకరే.

కాబట్టి ఇకమీదట ఎక్కడ కనిపించినా ఎసిటైల్ ఉందా, యుబిక్విటిన్ ఉందా, పక్కన హెచ్3.3 ఉందా, జంటగా ఉన్నారా ఒంటరిగానా అనే వివరాలు వెంట తెచ్చుకోవాల్సిందిగా మనవి.

ఇట్లు,
తమరి శిఖరాలు కొలిచేవాళ్లు

తా.క.: మీ బంధువు, హెచ్3 మారురూపం సీఈఎన్‌పీ-ఏ గారిని చూసి నేర్చుకోండి, క్రోమోజోమ్ నడుము లాంటి సెంట్రోమియర్ వదలరు అని రాద్దామనుకున్నాం. కానీ కణంలో అతిగా తయారుచేయిస్తే ఆయనా క్రోమోజోమ్ చేతుల మీద షికారుకు బయలుదేరుతారు. అందుకని, ట్యాగ్ తగిలించి, బలమైన ప్రమోటర్ కింద మోతాదు మించి తయారుచేయించి, ఆ తర్వాత తమరి చిరునామా రాసుకున్నవాళ్ల ఉత్తరాలకు జవాబివ్వనక్కరలేదు.