మార్కు చెబితే సరిపోతుందా?

పరీక్షల కాలం వచ్చిందంటే వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. మార్కును మించిన ఫీడ్‌బ్యాక్ లేదట, ర్యాంకుల లిస్టు గోడకు అంటిస్తే పౌరుషం వచ్చి వాళ్లే చదువుతారట, అరవై మంది ఉన్న సెక్షన్‌లో ఒక్కొక్కరి తప్పులూ విడమరచి చెప్పడం అయ్యే పని కాదట.

మొదటిది మార్కు సంగతి. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు బ్రేకు వేస్తే, రుణ త్వరణం 5 మీ/సె² అయినప్పుడు ఎంత దూరంలో ఆగుతుంది? ఒకడు 518 మీటర్లు అని పెట్టాడనుకుందాం. సూత్రం సరైనదే, 72ను సెకనుకు 20 మీటర్లుగా మార్చడం మరిచాడు. జవాబు 40 మీటర్లు. ఇంకొకడికి సూత్రమే గుర్తురాక వదిలేశాడు. జేఈఈ మెయిన్ లెక్కలో తప్పుకు ఒక మార్కు కోత, వదిలేస్తే సున్నా. అంటే తెలిసినవాడికే తక్కువ! మార్కు చూసి వీడు మళ్లీ చాప్టరంతా బట్టీ పడతాడు. వీడికి కావలసింది, ‘సూత్రం కరెక్టే, అంకెలు వేసేముందు యూనిట్లు చూసుకో. బ్రేకు వేసిన కారు అరకిలోమీటరు పోతుందా?’ అనే ఒక్క మాట.

ఇక పౌరుషం. అందరూ మెరుగుపడినా లిస్టులో అరవయ్యోవాడు ఒకడు ఉండే తీరతాడు. 1988లో విద్యా మనస్తత్వవేత్త రూత్ బట్లర్ చేసిన అధ్యయనంలో వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగయ్యారు. వ్యాఖ్యతోపాటు మార్కు కూడా ఇస్తే ఆ లాభం పోయింది. అందుకే వ్యాఖ్యలతో పేపరు ముందుగా ఇచ్చి, మార్కు మర్నాడు చెప్పడం నయం. అలాగని ఏ వ్యాఖ్య అయినా మంచిదే అనుకోవద్దు. ఎర్ర ఇంకుతో ‘కేర్‌లెస్’ అని రాస్తే వాడు ఏం సరిదిద్దుకోవాలి?

అరవై మంది మాట నిజమే. కానీ అరవై రకాల తప్పులు ఉండవు. దిద్దేటప్పుడే తప్పు పక్కన యూనిట్లకు ‘యూ’, సూత్రానికి ‘సూ’, లెక్కకు ‘లె’ అని వేస్తే చాలు. ఎక్కువమంది చేసినదాన్ని బోర్డు మీద చెప్పి, ఎవరి తప్పు వాళ్లనే సరిచేసి తెమ్మనాలి. తెచ్చింది మళ్లీ చూడటానికి ఒక పీరియడ్ పడుతుంది. వారానికి రెండు టెస్టులు పెట్టేచోట ఒకటి తగ్గిస్తే అదీ దొరుకుతుంది, యాజమాన్యం ఒప్పుకుంటే.