తొట్టెలో పెంచితే తాబేలు జాతి బతుకుతుందా? ఆ ఫార్వర్డ్ నమ్మకండి

వారం నుంచి మన బెంగుళూరు తెలుగోళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది, మా మారతహళ్లి అపార్ట్‌మెంట్ గ్రూపులోకే నాలుగుసార్లు వచ్చింది. చెరువులు పోతున్నాయి కాబట్టి ఇళ్లల్లో పెంచితేనే తాబేళ్ల జాతి నిలబడుతుందంట, చట్టం సముద్రం తాబేళ్లకేనంట, పెద్దదయ్యాక దగ్గర్లో చెరువులో వదిలేస్తే కూర్మావతారానికి సేవ చేసినంత పుణ్యమంట, 20 గోళ్లున్నది దొరికితే లక్ష్మి ఇంట్లోంచి కదలదంట. పంపినవాళ్లు మంచి మనసుతోనే పంపారు, మా పిన్ని కూడా పంపింది. చెరువులు పోతున్నాయన్న మాట నిజం. మిగతాదంతా తప్పు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. మన చెరువుల్లో ఉండే ఫ్లాప్‌షెల్ తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది, అంటే పులి ఉన్న లిస్టులోనే. పట్టినా కొన్నా ఇంట్లో పెట్టుకున్నా 3 నుంచి 7 ఏళ్ల జైలు, కొత్త సవరణ వచ్చాక జరిమానా కనీసం 25 వేలు. పిల్లలు ముచ్చటపడ్డారు సార్ అంటే వదలరు.

ఇంక పెంచితేనే జాతి బతుకుతుందన్నది, నాకు బాగా బాధ కలిగించింది ఇదే. కృష్ణా, గోదావరి, తుంగభద్ర, కావేరి, ఈ నదుల్లో లీత్ సాఫ్ట్‌షెల్ అని మెత్తటి డిప్ప తాబేలు ఒకటుంది, పిల్లగా ఉన్నప్పుడు వీపు మీద కళ్లలాంటి గుండ్రటి మచ్చలుంటాయి, మన దక్షిణాది నదులే దాని ఇల్లు, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అది ఇప్పుడు పూర్తిగా అంతరించిపోయే అంచున ఉన్న జాతుల్లో చేరిపోయింది, అడవి జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం ఉంది, 2022లో పనామాలో జరిగిన దాని సదస్సులో మన దేశమే అడిగి మరీ ఈ తాబేలుని అంతర్జాతీయ వ్యాపారం నిషేధించే మొదటి అనుబంధంలో పెట్టించింది. దాన్ని ఈ స్థితికి తెచ్చింది ఇళ్లల్లో ఎవరూ పెంచకపోవడం కాదు కదా, మాంసం కోసం పట్టడం, వలలు, గుడ్లు పెట్టే ఒడ్లని ఇసుక కోసం తవ్వేయడం. తాబేలు గుడ్లు పెట్టే వయసుకి రావడానికే ఏళ్లు పడుతుంది, పుట్టిన పిల్లల్లో ఎక్కువ భాగం చిన్నప్పుడే కాకులకీ కుక్కలకీ చేపలకీ పోతాయి, అందుకే ఎదిగిన ఒక్క ఆడ తాబేలుని నీళ్లలోంచి తీశామంటే చాలా ఏళ్ల గుడ్లు పోయినట్టే. బాల్కనీలో ప్లాస్టిక్ టబ్బులో ఒంటరిగా ఉన్న తాబేలు ఎవరితో జత కడుతుంది, ఎక్కడ మట్టి తవ్వి గుడ్లు పెడుతుంది? నిజంగా పెంచి కాపాడటమంటే సుందర్‌బన్స్‌లో చేసింది. బటాగుర్ బాస్కా అనే నది తాబేలు అడవిలో ఇంక లేదేమో అనుకున్న టైంలో అటవీశాఖ చెరువులో మిగిలిన కొద్దిపాటి వాటితో ఏళ్ల తరబడి పిల్లల్ని చేయించి, 2022 జనవరిలో 10 తాబేళ్లకి జీపీఎస్ పెట్టి నీళ్లలోకి వదిలారు. అది నిపుణులు అనుమతులతో చేసే పని, దాన్ని చూపించి మనం షాపుకెళ్లి కొనుక్కోకూడదు.

షాపు అంటే గుర్తొచ్చింది, అక్కడ బాహాటంగా అమ్మే చెవి పక్కన ఎర్రగీత ఉన్న పచ్చ తాబేలు మనది కానే కాదు, అమెరికాలో మిసిసిపీ నది వైపుది. మా పిన్ని వాళ్లబ్బాయి కొన్నప్పుడు రూపాయి బిళ్లకంటే కొంచెం పెద్దది, ఇప్పుడు భోజనం ప్లేటంత ఉంది, వారానికి మూడుసార్లు నీళ్లు మార్చినా వాసన పోవట్లేదు, ఇంక చెరువులో వదిలేద్దామా అని పిన్ని అడుగుతోంది. వద్దు పిన్నీ. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ హాని చేసే 100 చొరబాటు జాతుల (బయటి చోటు నుంచి వచ్చి పాతుకుపోయి స్థానిక జీవుల్ని దెబ్బతీసేవి) లిస్టులో అదొకటి, మన తాబేళ్ల తిండీ, ఎండ కాచుకునే రాయీ అన్నీ అదే లాక్కుంటుంది, రోగాలు కూడా అంటిస్తుంది. శ్రీకూర్మం గుడిలో ఉన్నాయి కదా అంటారు, అవి నక్షత్ర తాబేళ్లు, నేల మీద తిరిగి ఆకులు తినేవి, వాటికి ఈత రాదు. పుణ్యం అనుకుని ఆ జాతిదాన్ని చెరువులో వేస్తే మునిగి చచ్చిపోతుంది.

20 గోళ్ల మాట. కిందటేడు మొదటి వానకి మా చెరువు కంచె పక్కన ఒక ఫ్లాప్‌షెల్ రోడ్డు దాటుతుంటే దగ్గర కూర్చుని చూశాను, నన్ను చూసి వెనక కాళ్లు లోపలికి లాక్కుంది, పొట్ట కింద ఉన్న రెండు రెక్కలు పెట్టె మూతల్లా మూసుకున్నాయి. కాసేపటికి మళ్లీ కాళ్లు బయటపెట్టినప్పుడు లెక్కపెట్టాను, కాలికి మూడే గోళ్లు, మొత్తం 12. ఫ్లాప్‌షెల్ కూడా మెత్తటి డిప్పదే, మెత్తటి డిప్ప తాబేళ్లన్నిటికీ అంతే. నక్షత్ర తాబేలుకి ముందు ఐదేసి వెనక నాలుగేసి, 18. అయినా 20 ఉన్నది దొరికితే కోట్లు అని పుకారు పుట్టించి, దాన్ని వెతికే పేరుతో కనపడ్డ ప్రతి తాబేలునీ పట్టి, గోళ్లు లెక్కపెట్టి, లేవనుకున్నాక పారేస్తున్నారు.

అలా రోడ్డు మీద కనిపిస్తే బండి ఆపండి, రెండు చేతులతో డిప్ప పక్కల పట్టుకుని అది వెళ్తున్న వైపే రోడ్డు దాటించండి, ఇంటికీ ఇంకో చెరువుకీ తీసుకెళ్లొద్దు. డిప్ప పగిలి ఉంటే అట్టపెట్టెలో పెట్టి అటవీశాఖకి ఫోన్ చేయండి. పిన్ని దగ్గరున్నది మాత్రం పెద్ద తొట్టెలోకి మార్చి ఉంచుకోమన్నా, తీసుకునే రెస్క్యూ సెంటర్ దొరికేదాకా నీళ్లు మార్చే పని నాది.