సిబిల్లా అలెరామో కొడుకుని ఎందుకు తీసుకెళ్ళలేకపోయింది

సిబిల్లా అలెరామో తన జీవితం మీదే రాసిన 'ఉనా దొన్నా' (అంటే 'ఒక స్త్రీ') అనే ఇటలీ నవల గురించి, ఆమె గురించి ఈమధ్య ఒక మాట తెగ తిరుగుతోంది. "ప్రేమించి పెళ్లి చేసుకుంది, మొగుడు బోర్ కొట్టాడు, ఇంకొకడి కోసం చిన్న కొడుకుని వదిలేసి పోయింది, విడాకులు తీసుకుని పిల్లాణ్ణి తెచ్చుకోవచ్చు కదా, అదీ చెయ్యలేదు, పైగా తన డైరీనే నవల అని అచ్చేసుకుంది" అని. చదివి ఊరుకుందాం అనుకున్నా గానీ నావల్ల కాలేదు. ఇందులో ఒక్క చోట కొంచెం నిజం ఉంది, అదీ చెప్తా, మిగతాదంతా తప్పు.

ముందు ఆ ప్రేమ పెళ్లి సంగతి. రచయిత్రి సిబిల్లా అలెరామో అసలు పేరు రీనా ఫాచ్చో, పుట్టింది 1876లో. 12 ఏళ్ళప్పుడు వాళ్ళ నాన్న గాజు ఫ్యాక్టరీ నడపడానికి ఒప్పుకోవడంతో మిలన్ వదిలి మార్కే ప్రాంతంలో చివితనోవా అనే సముద్రం ఒడ్డు ఊరికి వచ్చేశారు, ఈ పిల్ల కూడా అదే ఫ్యాక్టరీ ఆఫీసులో లెక్కలు రాసేది. 15 ఏళ్ళకి అక్కడ పనిచేసే ఒకడు ఆమెని బలాత్కరించాడు. 1893లో, అంటే 16 ఏళ్ళకి, వాడితోనే పెళ్లి జరిగింది. నవల్లో ఆ పిల్ల జరిగినదాన్ని ప్రేమే అయ్యుంటుందిలే అని తనకి తనే నచ్చజెప్పుకుంటుంది, నాకు పుస్తకం మొత్తంలో అన్నిటికంటే కష్టంగా చదివిన పేజీలు అవే, వాటిని చూసి ప్రేమ పెళ్లి అంటున్నారు! చెరిచినవాడు ఆ అమ్మాయినే పెళ్లి చేసుకుంటే శిక్ష తప్పిపోయే చట్టం ఇటలీలో 1981 దాకా ఉంది. 1965 చివర్లో సిసిలీలో ఫ్రాంకా వియోలా అనే అమ్మాయిని ఎత్తుకెళ్ళి పాడుచేస్తే, వాడితో పెళ్లికి ఆమె ససేమిరా అంటే అది దేశమంతా పెద్ద వార్త అయింది. దానికి డెబ్భై ఏళ్ళ ముందు, పరువు తప్ప ఇంకో మాట లేని చిన్న ఊళ్ళో, రీనాకి కాదనే దారే లేదు.

విడాకులు తీసుకోవచ్చు కదా అన్నదైతే అసలు కుదరనే కుదరదు. ఇటలీలో విడాకుల చట్టం వచ్చింది 1970లో, ఆమె చనిపోయింది 1960లో, ఆమె బతికున్నన్నాళ్ళూ అక్కడ విడాకులు అనేవే లేవు. 1865 సివిల్ కోడ్ ప్రకారం పిల్లల మీద పెత్తనం తండ్రిదే. భార్య తన సొంత స్థలం అమ్మాలన్నా, అప్పు తీసుకోవాలన్నా మొగుడి పర్మిషన్ ఉండాలి, ఆ రూలు 1919లో గానీ పోలేదు. ఆమె ఇల్లు వదిలింది 1902లో. కొడుకు తనకి కావాలంది, మొగుడు ఇవ్వనన్నాడు, చట్టం అతని వైపే ఉంది.

ఇంకొకడి కోసం అన్న దగ్గరే ఆ కొంచెం నిజం. మిలన్‌లో పరిచయమైన ఒక కవిని ఆమె ప్రేమించిన మాట వాస్తవం. ఆ భాగం నవల్లో లేదు, ఎందుకంటే తర్వాత రోమ్‌లో ఆమెతో కలిసి బతికిన రచయిత జొవాన్నీ చేనా తీసేయమన్నాడు, తీసేసినందుకు ఆమె తర్వాత బాధపడింది కూడా. సరే, ప్రేమ ఉంది. కానీ దానికోసమే వెళ్ళిపోయింది అనడానికి ఆమె తల్లి కథని ఏం చేస్తారు? వాళ్ళమ్మ పైనుంచి దూకి చావబోయింది, తర్వాత మతి చెడి పిచ్చాసుపత్రిలో పడింది. నవల చివర్లో కూతురికి పాత కాగితాల్లో తల్లి రాసిన ఉత్తరం ఒకటి దొరుకుతుంది, ఇక్కడ ఉంటే పిచ్చెక్కుతుంది, వెళ్ళిపోవాలి అని రాసుకుని కూడా పిల్లల్ని చూసి ఆగిపోయింది ఆ తల్లి. అమ్మ అంటే త్యాగం అని ఎందుకు మొక్కుతున్నాం, తల్లి తనని చంపుకుంటే దాన్ని చూసి కూతురూ అదే నేర్చుకుంటుంది కదా అని ఆమె అడిగేది అక్కడే. ఆ ప్రశ్న దాటేసి ఎవడితో పోయింది అని వెతకడం నాకు మింగుడు పడట్లేదు.

డైరీ అనేదానికి ఒక్క మాట. 1906లో అచ్చయిన ఈ పుస్తకంలో ఎవరికీ పేరు లేదు, చెప్పే మనిషికి, మొగుడికి, కొడుక్కి, ఆఖరికి ఊరికి కూడా. డైరీ రాసుకునేవాళ్ళు ఇలా పేర్లు ఏరి తీసేయరు, తన ఒక్కదాని కథ ఇంకెంతోమందిది అవ్వాలని రాసినవాళ్ళు తీస్తారు. ఇదంతా ఎందుకు రాసిందో కూడా చివర్లో తనే చెప్తుంది: తను ఎదురుపడి చెప్పే వీలు లేకపోయినా ఎప్పటికైనా ఈ మాటలు తన కొడుకుని చేరాలని. షేర్ చేసేముందు ఆ ఆఖరి పేజీ ఒక్కటైనా చదవండి.