మీ పిల్లాడిది ఎడమ మెదడా, కుడి మెదడా? ఆ ప్రశ్నే తప్పు

పదో తరగతి ఫలితాలు వచ్చే రోజుల్లో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఓ మెసేజ్ తిరుగుతుంటుంది. సారాంశం ఇది: ఎడమ మెదడు భాష, లెక్కలు, తర్కం చూసుకుంటుంది. కుడి మెదడు బొమ్మలు, సంగీతం, కవిత్వం చూసుకుంటుంది. ప్రతి మనిషిలో రెండిట్లో ఒకటే బలంగా ఉంటుంది. మీవాడిది ఏదో తెలుసుకుని ఎంపీసీయో, ఇంకోటో ఇప్పించండి. మన చదువులు కుడి మెదడును చంపేస్తున్నాయి కాబట్టి ఎడమ చేత్తో రాయించండి. చివర్లో గిర్రున తిరిగే ఓ అమ్మాయి బొమ్మ (ఏ దిక్కుకు తిరుగుతున్నట్టు కనిపిస్తుందో దాన్నిబట్టి మీది ఏ మెదడో తెలుస్తుందట), దాని కింద ఏదో కోర్సు వాళ్ల ఫోన్ నంబరు.

ఇందులో శుద్ధ అబద్ధం తక్కువే. అందుకే ఇది ఇన్నేళ్లుగా నడుస్తోంది, అందుకే ఒక్కో ముక్కా విడదీసి చూడాలి.

"భాష ఎడమ మెదడుది." మెసేజ్ మొత్తంలో నిజానికి బాగా దగ్గరగా ఉన్న మాట ఇదే. 1861లో పారిస్ దగ్గరి బిసెత్ర ఆసుపత్రిలో పాల్ బ్రోకా అనే డాక్టర్ దగ్గరికి లెబోర్న్ అనే రోగిని తెచ్చారు. ఎవరు ఏమడిగినా ఆయన నోట "తాన్ తాన్" తప్ప మరో మాట దాదాపుగా వచ్చేది కాదు. ఎదుటివాళ్లు చెప్పేది మాత్రం చాలావరకు అర్థమయ్యేది. కొద్దిరోజులకే ఆయన చనిపోతే బ్రోకా మెదడు తీసి చూశాడు. ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. అలాంటి రోగులను ఇంకొందరిని చూశాక, మనం మాట్లాడేది ఎడమ అర్ధగోళంతో, అంటే మెదడులోని ఎడమ సగంతో అని 1865లో ప్రకటించాడు. ఆ మాట ఇప్పటికీ నిలబడే ఉంది. కుడిచేతి వాటం వాళ్లలో సుమారు 95 శాతం మందికి భాష ప్రధానంగా ఎడమవైపే ఉంటుంది. ఎడమచేతి వాటం వాళ్లలో కూడా దాదాపు 70 శాతం మందికి అంతే. ఎడమచేతి వాటమైతే కుడి మెదడు మనిషి అనే సూత్రం ఇక్కడే కూలిపోతుంది. చేతులతో, ముఖకవళికలతో నడిచే సంజ్ఞాభాషలు కూడా ఎడమవైపు దెబ్బతింటేనే ఎక్కువగా చెడతాయి. బొమ్మల్లా కనిపిస్తాయి కదా అని అవి కుడివైపుకు పోలేదు.

అయితే భాష అంటే మాటలొక్కటే కాదు. పెళ్లి భోజనాలయ్యాక వచ్చిన తమ్ముడితో అక్క "త్వరగానే వచ్చావులే!" అంటుంది. మాటల అర్థం తీసేది ఎక్కువగా ఎడమవైపు. ఆ సాగదీతలో ఉన్న దెప్పిపొడుపును పట్టుకోవడంలో కుడివైపు పాత్ర పెద్దది. కుడి అర్ధగోళం దెబ్బతిన్నవాళ్లలో కొందరికి ప్రతి మాటా అర్థమవుతుంది, ఎత్తిపొడుపు మాత్రం తగలదు. అక్క మెచ్చుకుందనే అనుకుంటారు. జోకులు, సామెతలు కూడా వాళ్లలో కొందరికి ఇలాగే చేజారిపోతాయి. ఒక్క చిన్న వాక్యానికే రెండు వైపులూ కావాల్సి వచ్చినప్పుడు, ఒక సబ్జెక్టును మొత్తంగా ఒక వైపుకు ఎలా రాసిస్తాం?

"లెక్కలు ఎడమ, కళలు కుడి." ఏ లెక్కలు? ఎక్కాలు అప్పజెప్పడానికి మాటల జ్ఞాపకం కావాలి, కాబట్టి ఎడమవైపు ముందుంటుంది. 48 పెద్దదా, 84 పెద్దదా అని పోల్చేటప్పుడు మెదడు పైభాగంలో వెనకగా, రెండు వైపులా ఉన్న పెరైటల్ భాగాలు పనిచేస్తాయి. జ్యామితిలో బొమ్మను మనసులోనే తిప్పి చూడాలంటే కుడివైపు సాయం ఎక్కువ కావాలి. ఒకే ప్రశ్నపత్రంలో మూడు రకాల పనులు ఉన్నాయన్నమాట.

కళల సంగతీ ఇంతే. స్వరస్థానాల సూక్ష్మమైన తేడాలు గుర్తించడంలో కుడివైపుది పైచేయి అన్నది నిజం. షెబాలిన్ అనే రష్యన్ సంగీతకర్త ఎడమ మెదడులో వచ్చిన పక్షవాతం దెబ్బకు మాట బాగా పోగొట్టుకుని కూడా స్వరరచన ఆపలేదు. 1962లో తన ఐదో సింఫనీ పూర్తిచేశాడు. మెసేజ్ రాసినవాళ్లకు ఇది మంచి సాక్ష్యంలానే కనిపిస్తుంది. కానీ లయ, పాటలోని సాహిత్యం, చదివి వాయించడం, వేళ్ల కదలిక ఇవన్నీ సంగీతంలో భాగమే. వాటికి ఎడమవైపు కూడా గట్టిగానే కావాలి. ఇక ఉత్పలమాల రాసే కవి సంగతి చూడండి. భ ర న భ భ ర వ గణాలు తప్పకూడదు, పదో అక్షరానికి యతి పడాలి, ప్రాస కుదరాలి, పైగా భావం పండాలి. ఆయన ఏ మెదడు మనిషి?

"ప్రతి మనిషిలో ఒకటే బలం." దీనికి ఆధారం లేదని నేరుగా చూపించిన పరిశోధన ఒకటుంది. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్లు 7 నుంచి 29 ఏళ్ల మధ్య వయసున్న 1,011 మంది మెదడు స్కాన్లను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. కొన్ని పనుల తాలూకు నెట్‌వర్కులు ఎడమకో కుడికో మొగ్గి ఉన్నాయి. కానీ మనిషి మనిషిగా చూస్తే, ఫలానా వ్యక్తిలో ఎడమ మెదడు మొత్తంగా బలంగా ఉంది, మరొకరిలో కుడిది బలంగా ఉంది అనే తేడా కనబడలేదు. ఎడమకో కుడికో మొగ్గేవి పనులు, మనుషులు కాదు.

మరి ఈ ప్రచారం ఎక్కడ పుట్టింది? 1960లలో కాలిఫోర్నియాలో జరిగిన ప్రయోగాల నుంచి. మందులకు లొంగని మూర్ఛ తగ్గించడానికి కొందరికి రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కలోసమ్ అనే కట్టను సర్జన్లు కోసేశారు. దాంట్లో సుమారు 20 కోట్ల నాడీతంతువులు ఉంటాయి. ఆ రోగుల మీద రోజర్ స్పెర్రీ, ఆయన శిష్యుడు మైకేల్ గజానిగా పరీక్షలు చేశారు. ఈ పనికే స్పెర్రీకి 1981లో నోబెల్ వచ్చింది.

తరవాతి రోజుల్లో గజానిగా బృందం చేసిన ఒక పరీక్ష చూడండి. రోగి చూపు తెర మధ్య చుక్క మీద ఉంటుంది. చుక్కకు కుడివైపు కోడికాలు బొమ్మ, ఎడమవైపు మంచు పేరుకున్న ఇల్లు, రెండూ క్షణంపాటు మెరిసి మాయమవుతాయి. చూపులో కుడి సగం ఎడమ మెదడుకు, ఎడమ సగం కుడి మెదడుకు వెళ్తుంది. చేతులదీ అంతే, కుడిచేతిని ఎడమ మెదడు, ఎడమచేతిని కుడి మెదడు కదిలిస్తాయి. (ఎడమ కన్ను కుడి మెదడుకు పోతుందని మెసేజుల్లో రాస్తుంటారు, అది తప్పు. ఏ కంటి నుంచైనా రెండు వైపులకూ దారి ఉంది.) తరవాత ముందున్న బొమ్మల్లో సరిపోయేవి చూపించమంటే అతని కుడిచెయ్యి కోడిని, ఎడమచెయ్యి మంచు ఎత్తే పారను చూపించాయి. పార ఎందుకని అడిగారు. జవాబు చెప్పాల్సిన ఎడమ మెదడుకు మంచు సంగతే తెలియదు. అయినా తడుముకోకుండా, కోళ్ల షెడ్డు శుభ్రం చెయ్యాలంటే పార కావాలి కదా అంది.

తర్కానికి పుట్టిల్లని మెసేజ్ పొగిడే ఎడమ మెదడు అక్కడ చేసింది కథ అల్లడం! ఆ మెసేజ్ లెక్కన అయితే కథలల్లడం లాంటివి కుడి మెదడు పని మరి. అన్నిటికన్నా ముఖ్యం, అవన్నీ వంతెన తెగిన మెదళ్లు. మీ పిల్లాడి మెదడులో ఆ 20 కోట్ల తంతువులూ పనిచేస్తూనే ఉన్నాయి.

తిరిగే అమ్మాయి బొమ్మ గురించి రెండు ముక్కలు చాలు. జపాన్‌కు చెందిన నొబుయుకి కయహారా దాన్ని 2003లో తయారుచేశారు. అది నల్లటి నీడ. ఏ కాలు ముందుందో, ఏది వెనకుందో చెప్పే గుర్తు అందులో లేదు, కాబట్టి మెదడు తనకు తోచిన దిక్కు ఎంచుకుంటుంది. పాదాల మీదే చూపు నిలిపి కాసేపు చూడండి, చాలామందికి దిక్కు మారిపోతుంది. అంతలో మీ మెదడు పక్క మార్చుకుందా?

ఎడమ చేత్తో రాయిస్తే ఎడమ చేతి రాత మెరుగవుతుంది. దాన్ని కదిలించే కుడివైపు భాగానికి ఆ పని అలవాటవుతుంది. దాంతో చిత్రకారుడైపోతాడనడానికి ఆధారం లేదు. ఇక మధ్య మెదడును మేల్కొలుపుతామంటూ పిల్లల కళ్లకు గంతలు కట్టి చదివించే "మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్" కోర్సుల గురించి: ముక్కు పక్కన మిగిలే సందులోంచి పిల్లలు చూస్తారు. ఆ సందు పూర్తిగా మూసేసి చదవమనండి, తేలిపోతుంది. ఇలాంటి వాటికి వేలకు వేలు కట్టేవాళ్లను చూస్తే నాకు పిల్లల మీదే జాలేస్తుంది. చూడకుండానే చదివామని అబద్ధం చెప్పడం వాళ్లకు మనమే నేర్పిస్తున్నాం.

ఎడమ కుడి తేడా నిజంగా తెలియాల్సింది పక్షవాతం వచ్చినప్పుడు. ఎడమ మెదడులో వస్తే కుడిచెయ్యి పడిపోయి, తరచూ మాట కూడా పోతుంది. ఇంటిల్లిపాదీ హడలిపోయి ఆసుపత్రికి పరుగెత్తుతారు. కుడి మెదడులో వస్తే మాట చాలావరకు బాగానే ఉంటుంది. కొందరికి ఎడమచెయ్యి లేవడం లేదన్న సంగతే తెలియదు. ఎత్తమంటే "ఎత్తాను కదా" అంటారు. కంచంలో కుడివైపున్నది తిని, ఎడమవైపున్న కూర అలాగే వదిలేస్తారు. కంచం తిప్పి పెడితే అదీ తింటారు. "మాట బాగానే ఉంది, నీరసం అయ్యుంటుంది" అని ఇంట్లోవాళ్లు పడుకోబెడతారు, గంటలు గడిచిపోతాయి. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు గడువు మామూలుగా లక్షణాలు మొదలైన దగ్గర్నుంచి నాలుగున్నర గంటలు. ఏ వైపు చెయ్యి పడిపోయినా లెక్క అదే.