పదో వంతు అంగుళం ఆయనకి ఆనదు

డాలస్‌లో జనవరి వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఇంటికొక వాతావరణ శాస్త్రవేత్త పుట్టుకొస్తాడు. పది రోజుల తర్వాత 14 అంగుళాల మంచు పడుతుందని ఊదారంగు మ్యాపొకటి పడేసి, "ఫ్రెండ్స్, జాగ్రత్త" అంటాడు. అది ఏదో వాతావరణ కంప్యూటర్ మోడల్ ఒక పూట వేసిన లెక్క. ఆరు గంటలకోసారి మారుతుంది. అంగుళం నీటిని గుడ్డిగా పది అంగుళాల మంచు కింద కట్టేసే మ్యాపులే ఎక్కువ. ఇవన్నీ చెప్పబోతే మనమే అపశకునం. ఈలోపు ఇండియన్ స్టోర్లో పాలు, పెరుగు ఖాళీ. కొత్తిమీర కూడా! మంచుకీ కొత్తిమీరకీ ఏం బంధుత్వమో.

అసలు రోజు రానే వస్తుంది. మంచు కాదు, పడగానే గడ్డకట్టే వాన (ఫ్రీజింగ్ రెయిన్), అదీ పదో వంతు అంగుళమని నేషనల్ వెదర్ సర్వీస్ హెచ్చరిస్తుంది. "ఓస్, ఇంతేనా!" అని మనవాడు ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీకి బయల్దేరతాడు. ఇంట్లో వద్దంటే "మనది ఆల్ వీల్ డ్రైవే" అంటాడు. అది బండిని కదిలిస్తుందే గానీ ఆపదు మహాప్రభో! ఆపాల్సింది టైర్లు. ఆల్ సీజన్ రబ్బరేమో 7 డిగ్రీల సెల్సియస్ దిగువన బిగుసుకోవడం మొదలెడుతుంది. అద్దం మీది ఐస్‌కి మరిగే నీళ్ళు పోసి, పగులు వచ్చాక కంపెనీని తిడతాడు. వేగాన్ని బండే చూసుకునే క్రూజ్ కంట్రోల్ పెట్టుకుని దర్జాగా ఫ్లైఓవర్ ఎక్కుతాడు. మామూలు రోడ్డుకి కింద నేల వెచ్చదనముంటుంది. వంతెనకి పైనా కిందా చలిగాలే, అందుకే ముందు గడ్డకట్టేది అది. తడిగా మెరిసేదంతా నీళ్ళే అనుకుంటాడు. ఎదురుగా రెడ్ లైటు. ఊళ్ళో అంబాసిడర్‌కి నేర్చుకున్నట్టు బ్రేకు టకటకా కొడతాడు. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండికి గట్టిగా తొక్కి పట్టాలి, పాదం కింద గరగరలాడినా వదలకూడదు. వెనక చక్రాలు పక్కకి జారితే మాత్రం బ్రేకూ యాక్సిలరేటరూ రెండూ వదిలి, పోవాల్సిన వైపే చూస్తూ స్టీరింగ్ మెల్లగా తిప్పాలి. ఆయన చూపేమో ఫోను మీద: "మీ ఆర్డర్ రెడీ."

2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున ఫోర్ట్ వర్త్‌లో, ఐ-35డబ్ల్యూ హైవే మీద 130కి పైగా బండ్లు ఒకదాని మీదొకటి ఎక్కాయి. ఆరుగురు చనిపోయారు. అక్కడ అడుగుల లెక్కన మంచేమీ పడలేదు, సన్నటి తుంపర గడ్డకట్టిందంతే. ఆ గుంపులో ఆస్పత్రి డ్యూటీలకి పోయేవాళ్ళున్నారు. వాళ్ళకి తప్పదు. ముందు బండికి ఎనిమిది, పది సెకన్ల దూరం వదిలి నడిపినా, వెనకనుంచి వచ్చి గుద్దేది నీలాంటివాడే. నీకేం తప్పనిసరయ్యా? ఆఫీసంతా నీ లాప్‌టాప్‌లోనే ఉంది కదా!

పోనీ, ఇంట్లో కూర్చుంటావా? కూర్చుని యాప్‌లో ఆర్డరు పెడతావు. ఆ గాజు రోడ్డు మీద డెలివరీ కుర్రాడు ప్రాణం అరచేతిలో పెట్టుకుని రావాలి, రైతా ఒలికిందని నువ్వు రెండు నక్షత్రాలు కొయ్యాలి.